చీఫూ ఒడంబడిక: తొమ్మిదేళ్లు మూలనపడ్డ సుంకపు బేరం

ఒక దేశపు రేవులో దిగే సరుకుపై ఎంత సుంకం విధించాలి, దానిని ఎక్కడ, ఎవరిచేత వసూలు చేయించాలి అన్నవి ఆ దేశపు ప్రభుత్వమే నిర్ణయించుకోవలసిన విషయాలు. ఈనాడు ఇది అందరికీ సహజంగానే తోస్తుంది. కాని 19వ శతాబ్దంలో చైనా ప్రభుత్వానికి ఆ అధికారం లేదు. తన రేవుల్లో దిగే ఒకేఒక సరుకుపై పన్ను పెంచుకోవడానికి అది పెకింగులోను, చీఫూ అనే తీరపట్టణంలోను, చివరకు లండనులోను ఏళ్ల తరబడి బేరమాడవలసి వచ్చింది. ఆ సరుకు నల్లమందు. అది వెళ్లేది ఇండియానుంచి. 1876లో బేరం కుదిరింది, సంతకాలు కూడా జరిగాయి. అయినా బ్రిటిషు ప్రభుత్వం ఆ ఒడంబడికకు తన ఆమోదముద్ర వేయడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

ఈ ఆలస్యానికి కారణం వెదకబోతే దారి చైనాకు కాక కలకత్తాకు, బొంబాయికి తీసుకుపోతుంది.

1839 నుంచి 1842 వరకు జరిగిన మొదటి నల్లమందు యుద్ధంలో చైనా ఓడిపోయింది. 1842 నాటి నాన్‌కింగు సంధి వల్ల హాంకాంగ్ దీవి బ్రిటిషువారి వశమైంది. కాంటన్, అమోయ్, ఫూచౌ, నింగ్‌పో, షాంగై అనే అయిదు రేవులు విదేశీ వర్తకులకు తెరవబడినాయి. మరుసటి సంవత్సరం సుంకాల పట్టిక తయారయింది. స్థూలంగా చెప్పాలంటే సరుకు విలువలో నూటికి అయిదు చొప్పున సుంకం. బ్రిటిషువారి అంగీకారం లేకుండా ఆ పట్టికలో ఒక్క అంకెను కూడా చైనా మార్చడానికి వీలులేదు. ఇతర పాశ్చాత్య దేశాలు కూడా ఇటువంటి సంధులే చేసుకొన్నాయి. ఒక దేశానికి ఇచ్చిన సదుపాయం తక్కిన దేశాలన్నిటికీ వర్తించాలన్న షరతు వాటిలో వుండటంవల్ల, ఏ చిన్న మార్పుకైనా అందరినీ ఒప్పించవలసిన పరిస్థితి ఏర్పడింది.

విచిత్రమేమంటే, నల్లమందు కోసం జరిగిన యుద్ధాన్ని ముగించిన ఆ సంధిలో నల్లమందు వ్యాపారాన్ని గురించిన నిబంధన ఒక్కటీ లేదు. అది నిషిద్ధ వస్తువుగానే వుండిపోయింది. దొంగచాటుగా దిగుతూనే వున్నది. రెండవ యుద్ధం నడుస్తుండగా, 1858లో షాంగైలో కొత్త పట్టిక రాసినప్పుడు దానిని మొదటిసారిగా సరుకుల జాబితాలో చేర్చారు. నూరు క్యాటీలకు, అంటే సుమారు 60 కిలోలకు, 30 టేళ్లు సుంకం. టేలు అంటే నాణెం కాదు, వెండి తూకం. ఒక టేలు మూడుంబావు తులాలకు దగ్గరగా వుంటుంది. 30 టేళ్ల వెండి ఆనాటి ఇండియా రూపాయలలో నూటికి కొంచెం పైన.

దీని పక్కన మరొక అంకెను వుంచి చూడాలి. మాళవ ప్రాంతపు దేశీయ సంస్థానాలలో పండిన నల్లమందు బొంబాయి రేవుకు పోవాలంటే, ఇండియా ప్రభుత్వానికి పెట్టె ఒక్కంటికి 600 రూపాయలు, కొన్ని సంవత్సరాలలో ఇంకా ఎక్కువ, చెల్లించి రహదారి చీటీ తీసుకోవాలి. గంగానదీ ప్రాంతంలోనైతే ప్రభుత్వమే రైతులకు బయానా ఇచ్చి గసగసాల పైరు వేయించి, పాట్నాలోను ఘాజీపూరులోను వున్న తన కర్మాగారాలలో సరుకు తయారుచేయించి, పెట్టెకు 40 ముద్దల చొప్పున కట్టించి, కలకత్తాలో వేలం వేసేది. 1870 తరువాతి సంవత్సరాలలో పెట్టె తయారీకి సుమారు 400 రూపాయలు ఖర్చయితే వేలంలో 1,200 రూపాయల ప్రాంతంలో పలికేది. అంటే చైనావారు పీల్చే నల్లమందుపై చైనా ప్రభుత్వానికి నూరు రూపాయలు వస్తే, ఇండియాను ఏలేవారికి ఆరు, ఏడు, ఎనిమిది వందలు వచ్చేవి. ఇండియా ప్రభుత్వపు ఆదాయంలో ఆరేడు వంతులకు ఒక వంతు ఈ ఒక్క సరుకునుంచే లభించేది. భూమిశిస్తు తరువాత చెప్పుకోదగ్గ ఆదాయమార్గాలలో ఇదొకటి. పై బేరమంతా ఈ అంకెల మీద నడిచింది.

లైకిన్ అనే లోపలి పన్ను

చైనావారి చేతిలో ఒక ఉపాయం మిగిలింది. రేవులో సుంకం పెంచడానికి వీలులేకపోతేనేమి, సరుకు రేవు దాటి లోపలికి పోతుంది గదా! అక్కడ పన్ను వేయవచ్చు.

తైపింగు తిరుగుబాటును అణచడానికి సైన్యం కావాలి, సైన్యానికి జీతాలు కావాలి, కేంద్రఖజానా చూస్తే ఖాళీ. 1853లో యాంగ్‌చౌ ప్రాంతంలో ఒక అధికారి కాలువలమీదా బాటలమీదా సుంకపు చౌకీలు పెట్టి, పోయే సరుకుపై స్వల్పమైన రుసుము వసూలు చేయడం మొదలుపెట్టాడు. 'లీ' అంటే వెయ్యింట ఒక వంతు. పేరు వెయ్యింట ఒకటే అయినా రేటు అక్కడ ఆగలేదు. పద్ధతి బాగున్నదని తక్కిన రాష్ట్రాలవారూ అనుసరించారు. 1864లో తిరుగుబాటు అణిగింది కాని లైకిన్ పోలేదు. రాష్ట్రాధిపతులకు అది సొంత సంచి అయిపోయింది.

ఇటువంటి పన్ను మన ప్రాంతాలకు కొత్త కాదు. పాత మద్రాసు రాజధానిలో సాయరు అనే సుంకం వుండేది. సరుకు ఒక తాలూకానుంచి మరొక తాలూకాకు పోతుంటే దారిపొడవునా చౌకీలే. వర్తకులు, రైతులు పడిన బాధలు చూసి, సర్కారు ఖజానాకు వచ్చేదానికన్నా చౌకీదార్లు తినేదే ఎక్కువని తేలి, బెంగాలులో 1836లోను, మద్రాసులో 1844లోను ఈ లోపలి సుంకాలను రద్దుచేశారు. కాబట్టి లైకిన్ వ్యాపారానికి ప్రతిబంధకమని బ్రిటిషు వర్తకులు చేసిన ఫిర్యాదులో నిజం లేకపోలేదు. అయితే రేవు సుంకాన్ని సంధులతో కట్టివేసి, లోపలి పన్ను వేసినందుకు తప్పుపట్టడం ఎంతవరకు న్యాయమో ఆలోచించవలసిందే.

తక్కిన సరుకుల విషయంలో సంధిలో ఒక మార్గం చూపారు. రేవులోనే అదనంగా నూటికి రెండున్నర చెల్లిస్తే రహదారి చీటీ ఇస్తారు. అది వుంటే దారిలో చౌకీలవారు ఆపకూడదు. నల్లమందుకు మాత్రం ఈ సదుపాయం వర్తించదని 1858 నాటి పట్టికలోనే స్పష్టంగా రాశారు. విదేశీ వర్తకుడు దానిని రేవులోనే అమ్మాలి. లోపలికి మోసుకుపోయేవాడు చైనావాడే కావాలి. అక్కడ చైనా ప్రభుత్వం ఎంత పన్నయినా వేసుకోవచ్చు. కాని ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క రేటు కావడంతో, పన్ను తక్కువగా వున్న దారి వెతుక్కొని సరుకు ప్రవహించేది. మధ్యలో దొంగదారులు సరేసరి.

మొదట 1869లో ఒక ప్రయత్నం జరిగింది. పదేళ్లకొకసారి పట్టికను పునఃపరిశీలించవచ్చునన్న సంధి షరతును పట్టుకొని, బ్రిటిషు రాయబారి రూథర్‌ఫర్డ్ ఆల్కాక్‌తో చైనావారు ఒక ఒడంబడిక కుదుర్చుకొన్నారు. నల్లమందుపై సుంకం 30 నుంచి 50 టేళ్లకు పెరుగుతుంది. ఎగుమతి అయ్యే పట్టుపై 10 నుంచి 20కి పెరుగుతుంది. హాంకాంగ్‌లో చైనా కాన్సల్ ఒకరు వుంటారు. ఆసియాలో ఒక పాశ్చాత్య రాయబారి ఎదుటి పక్షాన్ని సమానంగా చూసి చేసుకొన్న ఒడంబడికలు ఆ రోజుల్లో బహు అరుదు. ఇది అటువంటిది. అందుకే కాబోలు నిలవలేదు. వర్తక సంఘాలు గగ్గోలుపెట్టాయి. 1870లో బ్రిటిషు ప్రభుత్వం దానిని ఆమోదించడానికి నిరాకరించింది.

చీఫూలో జరిగినది

రెండవ అవకాశం ఒక హత్యవల్ల వచ్చింది. బర్మా నుంచి యూనాన్ మీదుగా చైనాలోకి బాట కనుగొనడానికి ఇండియా ప్రభుత్వం ఒక బృందాన్ని పంపింది. దానిని కలుసుకోవడానికి చైనావైపు నుంచి వెళ్లిన మార్గరీ అనే యువ దుబాసీ 1875 ఫిబ్రవరిలో సరిహద్దు దగ్గర చంపబడ్డాడు. బ్రిటిషు రాయబారి థామస్ వేడ్ ఈ సంఘటనను ఆసరాగా చేసుకొని, హత్యతో ఏమాత్రం సంబంధంలేని వ్యాపార విషయాలన్నిటినీ ముందుకు తెచ్చాడు. కోరినవి దక్కకపోతే సంబంధాలు తెగిపోతాయని బెదిరించి పెకింగు వదిలి వెళ్లిపోయాడు. చైనా ప్రభుత్వం తన పక్షాన లీ హుంగ్ చాంగ్‌ను చీఫూకు పంపింది. 1876 సెప్టెంబరు 13న ఇద్దరూ సంతకాలు చేశారు.

చైనా ఒప్పుకొన్నవి ఇవి: 2 లక్షల టేళ్ల నష్టపరిహారం, ఇంగ్లండుకు క్షమాపణ చెప్పడానికి ఒక రాయబారి, ఈచాంగ్, వూహూ, వెన్‌చౌ, పాఖోయ్ అనే నాలుగు కొత్త రేవులు. వీటికి బదులుగా చైనాకు దక్కినది నల్లమందును గురించిన నిబంధన. దాని ప్రకారం నల్లమందు రేవుకు చేరగానే దానిని సుంకపు అధికారుల గిడ్డంగిలో తాళం వేసి వుంచాలి. అమ్ముడుపోయినప్పుడే బయటికి వస్తుంది. బయటికి వచ్చేముందు దిగుమతి చేసినవాడు 30 టేళ్ల సుంకాన్ని, కొన్నవాడు లైకిన్‌ను అక్కడికక్కడే చెల్లించాలి. లైకిన్ ఎంతన్నది ఆయా రాష్ట్రాల అధికారులు నిర్ణయిస్తారు.

చూడటానికి చిన్న మార్పే. కాని ఇందులో కిటుకు వున్నది. వందలకొద్దీ చౌకీల దగ్గర వసూలు చేయవలసిన పన్ను ఒకే తలుపు దగ్గర వసూలవుతుంది. ఆ తలుపు దగ్గర వుండేది రాబర్టు హార్టు నడిపే సముద్రసుంకాల శాఖ. అయిర్లండులో పుట్టిన ఈ హార్టు 1863లో ఆ శాఖకు అధిపతి అయ్యాడు. ఉద్యోగులలో పైవారందరూ విదేశీయులే. అయినా అది చైనా ప్రభుత్వపు శాఖ, లెక్కలు చైనా ప్రభుత్వానికే చెప్పేది. ఆ లెక్కల్లో పొరపాటు దొరకడం కష్టమని పేరు.

నాలుగు రోజుల్లో చైనా చక్రవర్తి ఆమోదముద్ర పడింది. డబ్బు చెల్లించారు. క్వో సుంగ్ తావ్ అనే పండితుడు రాయబారిగా బయలుదేరి 1877 జనవరిలో లండను చేరాడు. పాశ్చాత్య దేశంలో నివాసం ఏర్పరచుకొన్న మొదటి చైనా రాయబారి ఆయనే. ఆ సంవత్సరమే నాలుగు రేవులూ తెరుచుకొన్నాయి. చైనా ఇవ్వవలసినదంతా ఇచ్చివేసింది. అందుకొన్నవారు మాత్రం ఒడంబడికను ఆమోదించలేదు.

ఎవరు ఆపారు?

అడ్డుతగిలినవారు ముగ్గురు. విదేశీ నివాసప్రాంతాలలో మాత్రమే లైకిన్ వుండదని ఒడంబడికలో ఒక వాక్యం వున్నది. అయితే మిగతా చోట్ల వుండవచ్చునని ఒప్పుకొన్నట్లే గదా అని వర్తకులు ఆక్షేపించారు. తమను అడగకుండా చేసిన ఏర్పాటును అంగీకరించబోమని ఇతర రాజ్యాలు అన్నాయి. ఈ రెండిటినీ ఏదో విధంగా సర్దవచ్చును. మూడవ అభ్యంతరం ఇండియా ప్రభుత్వానిది. లైకిన్‌కు పరిమితి లేదు. చైనా రాష్ట్రాధిపతులు ఇష్టంవచ్చినంత పెంచితే కలకత్తా వేలంలో ధర ఆ మేరకు పడిపోతుంది. దొంగరవాణా ఆగిపోతే పన్ను ఎగవేసే సరుకు వుండదు. చైనాకు వచ్చే ప్రతి టేలూ తమ ఖజానాలో తగ్గే టేలే అన్నది వారి లెక్క.

కాలం కూడా అటువంటిది. 1876–78 సంవత్సరాలలో దక్షిణాదిని మహాక్షామం పట్టి పీడించింది. రాయలసీమవారు ధాత కరువుగా తరతరాలు తలచుకొన్నది దానినే. దాని వెంటనే ఆఫ్ఘన్ యుద్ధం. ఖజానాపై ఇన్ని భారాలున్నప్పుడు నల్లమందు రాబడిని కదిలించడానికి అధికారులెవ్వరూ సిద్ధపడలేదు. 1876లో లండనులో ఇండియా వ్యవహారాల మంత్రి సాలిస్‌బరీ. ఈ పేరు మళ్లీ వస్తుంది.

చైనా పక్షంలోనూ ఏకాభిప్రాయం వున్నదని చెప్పలేము. లైకిన్ రేవులోనే వసూలయితే ఆ సొమ్ము హార్టు పుస్తకాలకెక్కి పెకింగుకు కనబడుతుంది. రాష్ట్రాధిపతులకు అది ఇష్టంలేదు. పన్ను ఎంత వుండాలన్నదానిపైన కూడా వాదాలు జరిగాయి. 1881లో సేనాని త్సో త్సుంగ్ తాంగ్ సుంకం, లైకిన్ కలిపి 150 టేళ్లు కావాలన్నాడు. అంత పెంచితే దొంగరవాణాయే పెరుగుతుందని, 110 చాలునని లీ వాదించాడు. అదే సంవత్సరం లండనులోని నల్లమందు వ్యతిరేక సంఘానికి లీ ఒక జాబు రాశాడు. చైనాకు ఇది నీతికి సంబంధించిన సమస్య అయితే ఇంగ్లండుకు రాబడికి సంబంధించిన సమస్య అన్నది అందులోని భావం. అంతవరకు నిజమే. కాని లీ స్వయంగా 110 అనే అంకె పట్టుకొని కూర్చున్నవాడు. నౌకాదళానికి, కోటలకు డబ్బు కావాలి. యూనాన్, సెచ్వాన్ రాష్ట్రాలలో గసగసాల పైరు ఏటేటా విస్తరిస్తూనే వున్నది. రాబడి ఆలోచన ఇరుపక్షాలవారికీ వున్నది. తన ప్రజలు కొనే సరుకుపై వచ్చే రాబడి ఎవరికి చెందాలన్నదే అసలు తగాదా.

సంప్రదింపులు చివరకు లండనుకు మారాయి. రాయబారి త్సెంగ్ పట్టు విడువకుండా నడిపాడు. ఇండియావారి భయం తీర్చడానికి మార్గం, లైకిన్‌ను అన్ని రేవులకూ ఒకే రేటుగా ముందే నిర్ణయించడం. త్సెంగ్ 80 టేళ్లు అడిగాడు. సుంకం 30, లైకిన్ 80, మొత్తం లీ చెప్పిన 110. 1885 జులై 18న అనుబంధ నిబంధనపై సంతకాలు జరిగాయి. చైనా పక్షాన త్సెంగ్, బ్రిటను పక్షాన ప్రధానమంత్రీ విదేశాంగమంత్రీ అయిన సాలిస్‌బరీ. 1886 మేలో ఆమోదపత్రాలు మార్చుకొన్నారు. ఒకసారి 110 టేళ్లు చెల్లించిన సరుకుకు ముద్రవేసి చీటీ ఇస్తారు. కట్టు విప్పేవరకు దారిలో మరొక పన్ను వుండదు.

హాంకాంగ్, మకావో

తలుపుకు తాళం వేసినా కిటికీ తెరిచే వున్నది. హాంకాంగ్‌లో సుంకం లేదు. ఇండియానుంచి వచ్చిన నల్లమందు అక్కడ దిగి, చిన్న చిన్న మూటలుగా నాటుపడవలకెక్కి, కొద్ది మైళ్ల దూరంలోని చైనా తీరానికి రాత్రికి రాత్రి చేరేది. విదేశీ ఓడల సరుకు హార్టు శాఖ చూస్తుంది. నాటుపడవలపై దానికి అధికారం లేదు. 1868 ప్రాంతంనుంచి కాంటన్ అధికారులు హాంకాంగ్ చుట్టూ చ్యుంగ్ చౌ, మా వాన్ వంటి దీవులలో సుంకపు ఠాణాలు పెట్టి, కాపలా పడవలను తిప్పసాగారు. తమ సొంత జలాల్లో తమ పన్ను వసూలు చేసుకోవడానికి హాంకాంగ్ వర్తకులు పెట్టిన పేరు 'దిగ్బంధం'! దీనిపై విచారణ సంఘం వేయాలని చీఫూలోనే రాసుకొన్నారు. అదీ పదేళ్లు ఆగింది.

1886 సెప్టెంబరులో హార్టు స్వయంగా హాంకాంగ్ వెళ్లి ఒప్పందం కుదిర్చాడు. పెట్టెకు తక్కువ పరిమాణంలో నల్లమందును తేవడం, పంపడం నిషిద్ధం. ప్రతి పెట్టె రాకపోకలూ రేవు అధికారికి తెలియజేయాలి. నాటుపడవల సుంకాన్ని కూడా హార్టు శాఖే వసూలు చేస్తుంది. దొంగవర్తకుడికి అనువైనది చిన్న మూటేనని గ్రహించి పెట్టిన నియమమిది. హాంకాంగ్ ఒక షరతు పెట్టింది. పక్కనే వున్న మకావోలో కూడా ఇవే నియమాలు వుండాలి, లేకపోతే వ్యాపారమంతా అటు తరలిపోతుంది.

మకావో పోర్చుగీసుల చేతిలో వున్నది. మూడు శతాబ్దాలుగా వారు అక్కడ వుంటున్నా, ఆ నేల వారిదని చైనా ఏనాడూ రాసి ఇవ్వలేదు. ఇప్పుడు సహకారానికి ధర అడిగారు. 1887లో లిస్బనులో జరిగిన ఒప్పందంలోను, తరువాత పెకింగు సంధిలోను, మకావోను శాశ్వతంగా ఏలుకొనే హక్కును చైనా గుర్తించింది. తన పన్ను తాను వసూలు చేసుకోవడానికి చైనా చెల్లించిన రుసుము ఇది. పోర్చుగల్ మకావోను తిరిగి అప్పగించినది 1999లో.

1887 ఫిబ్రవరినుంచి రేవుల్లో రెండు పన్నులూ కలిపి వసూలు కాసాగాయి. ఏప్రిల్లో హాంకాంగ్ పక్కన కౌలూన్‌లోను, మకావో పక్కన లప్పాలోను కొత్త సుంకపు కార్యాలయాలు పనిచేయడం ప్రారంభించాయి. మొదటి అయిదేళ్లలో ఏటా 70 వేల పెట్టెలకు పైగా విదేశీ నల్లమందు లెక్కకు వచ్చింది. 70 వేలకే లెక్కవేసినా లైకిన్ 56 లక్షల టేళ్లవుతుంది. ఒడంబడిక మూలనపడి వున్న తొమ్మిదేళ్లలో చైనా కేంద్రఖజానా పోగొట్టుకొన్నది ఎంతో దీనినిబట్టి ఊహించవచ్చు.

ఇండియా ప్రభుత్వం భయపడినట్లు వ్యాపారం ఒక్కసారిగా కూలిపోలేదు. మెల్లగా తగ్గింది. దానికి ప్రధాన కారణం లైకిన్ కాదు, చైనాలోనే పండి చవుకగా అమ్ముడైన నల్లమందు. ఎగుమతిని ఏటా పదోవంతు చొప్పున తగ్గించడానికి 1907లో ఒప్పందం కుదిరి, 1913తో ఇండియా నల్లమందును చైనాకు అమ్మడం ఆగిపోయింది.

సుంకాల పట్టిక మాత్రం అంత సులభంగా కదలలేదు. లైకిన్ తీసివేస్తే సుంకాన్ని నూటికి పన్నెండున్నర వరకు పెంచుకోవచ్చునని 1902లో బ్రిటను ఒప్పుకొన్నది. తక్కిన రాజ్యాలన్నీ కలిసిరాకపోవడంతో అదీ కాగితంమీదే మిగిలింది. 1925–26లో పెకింగులో జరిగిన సుంకాల మహాసభ మధ్యలోనే చెదిరిపోయింది. తన సుంకాలు తానే నిర్ణయించుకొనే హక్కు చైనాకున్నదని బ్రిటను 1928 డిసెంబరులోను, జపాను 1930లోను అంగీకరించాయి. 1931 జనవరి 1న లైకిన్ రద్దయింది. నల్లమందు పెట్టెలతో కలకత్తా నుంచి చైనాకు ఓడ బయలుదేరడం మానేసి అప్పటికి 18 ఏళ్లు.